కోడవలూరు నుంచి ఎదురుగాలి

నేను ఒక రెండు సీట్ల సైకిల్ని. చక్రాలు రెండే గానీ హ్యాండిళ్ళు రెండు, పెడళ్ళు నాలుగు. బ్రేకులూ గేర్లూ ముందు కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంటాయి. వెనక కూర్చున్నవాళ్ళకు తొక్కడం తప్ప ఇంకో అధికారం లేదు. రెండు జతల పెడళ్ళనూ పొడవాటి గొలుసు ఒకటి కలుపుతుంది కాబట్టి, ఒకరి కాళ్ళు తిరిగితే రెండోవాళ్ళ కాళ్ళూ తిరగాల్సిందే. ఎవరు నిజంగా తొక్కుతున్నారో, ఎవరు ఊరికే కాళ్ళు తిప్పుతున్నారో దారిన పోయేవాళ్ళకు తెలియదు.

అంబత్తూరులో రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేయించుకున్నది హైదరాబాదులో రిటైరైన ఇంజినీరు ఒకాయన. పొద్దున్నే భార్యతో కలిసి షికారు చెయ్యాలని ఆయన ముచ్చట. ఆవిడ నాలుగుసార్లు ఎక్కింది. నాలుగోసారి, "మీ వీపు తప్ప నాకేం కనపడటం లేదు. అది ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నదేగా!" అని దిగిపోయింది. ఆ తర్వాత ఐదేళ్ళు వాళ్ళ బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకునే దండెంగా పనిచేశాను.

అక్కణ్ణుంచి నన్ను విడిపించింది కృపావతి. ఒంగోల్లో ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, గట్టి కాళ్ళు, అంతకంటే గట్టి నోరు. నన్ను కొన్నది తన కోసం కాదు, ఆడబిడ్డ సులోచన కోసం. సులోచనకు పన్నెండో ఏట మెదడువాపు జ్వరం వచ్చి చూపు పోయింది. అంధుల బడిలో బ్రెయిలీ నేర్పుతుంది. కృపావతి భర్తకు అక్క, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. మొదటిరోజు వెనక సీటెక్కి ట్రంకు రోడ్డు మీద నాలుగు మైళ్ళు తొక్కాక సులోచన అంది: "ముప్ఫై రెండేళ్ళుగా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు కృపా. నా బలంతో ఇంకొకళ్ళు ముందుకెళ్ళడం ఇదే మొదలు."

రెండేళ్ళు అలా తిరిగాం. ఆ ఏడు డిసెంబరుకు ముందు వాళ్ళ చర్చి సంఘం పాడేరు ఎగువ కొండల్లోకి మిషన్ ట్రిప్పు తలపెట్టింది. అక్కడి గూడేల్లో చూపులేని పిల్లలు పదకొండుమంది బడి మొహం చూడకుండా ఇళ్ళల్లోనే ఉండిపోయారట. వాళ్ళను పది రోజులు ఒకచోట చేర్చి అక్షరాలు మొదలుపెట్టించాలి. వెళ్ళేది ఆరుగురు, ఎవరి ఖర్చు వాళ్ళే సమకూర్చుకోవాలి. సులోచన పేరిచ్చింది. సంఘ కార్యదర్శి ఇశ్రాయేలు గారు మెత్తగానే అభ్యంతరం చెప్పారు. "అమ్మా, నీ భక్తిని కాదనను. కానీ కొండదారి. నిన్ను చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి కదా?"

జవాబు చెప్పింది కృపావతి. ఆ నెలలోనే రెండు వందల కిలోమీటర్ల సైకిలు పోటీ ఉంది. ఒంగోలు నుంచి కోడవలూరు దాకా వెళ్ళి తిరిగి రావాలి, పదమూడున్నర గంటల్లో. "మేమిద్దరం తొక్కుతాం. కిలోమీటరుకింతని చందా వేయించుకుంటాం. అప్పుడు చెప్పండి ఎవరు ఎవర్ని చూసుకోవాలో."

ఇశ్రాయేలు గారు ఒక షరతు పెట్టారు. "గడువులోగా వచ్చారంటే, వచ్చిన చందా పోగా తక్కువైంది నేనే వేస్తాను. రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇద్దాం. ఆదివారం ఆరాధనలో పేర్లు చదవాలి."

శనివారం తెల్లవారి ఐదింటికి ముప్ఫై సైకిళ్ళు బయల్దేరాయి. సాయంత్రం ఆరున్నర గడువు. ఉత్తరం నుంచి గాలి వీపు మీద తోస్తోంది. టంగుటూరు, సింగరాయకొండ, కావలి ఎప్పుడు దాటామో తెలియలేదు. పదింపావుకల్లా కోడవలూరులో కార్డు మీద ముద్ర వేయించుకున్నాం. కృపావతి ఇడ్లీ నములుతూ, "చూశావా వదినా, నాలుగున్నరకే ఇంట్లో ఉంటాం" అంది. సులోచన మొహం గాలివైపు తిప్పింది.

"ఇంతసేపూ మనల్ని తోసింది ఈ గాలే కృపా. ఇప్పుడు ఎదురొస్తుంది" అంది.

వచ్చింది. ఎండ పెరిగేకొద్దీ గాలి ముదిరింది. లారీలు పక్కనుంచి పోతుంటే నేను అడుగున్నర ఊగిపోయేదాన్ని. కావలి దాటేసరికి ఒంటిగంటా పావు. అక్కడికి కాస్త ఇవతల వెనక టైరులో మేకు దిగింది. ట్యూబు మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. సులోచన వేళ్ళతో టైరు లోపలంతా తడిమి, మేకు విరిగి మిగిలిన ముక్కను పట్టుకోకపోతే రెండోదీ పోయేది. ఉలవపాడులో మూడూ పది. ఇంకా నలభై అయిదు కిలోమీటర్లుంది.

అక్కడే కృపావతి పిక్కలు పట్టేశాయి. రాళ్ళలా బిగుసుకున్నాయి. ఆమె అరవలేదు, ఆపలేదు, చెప్పలేదు. చెబితే వదిన దిగిపోదామంటుందని భయం. కాళ్ళు పెడళ్ళ మీదే ఉంచింది. గొలుసు వాటిని తిప్పుతోంది. ముందు పెడళ్ళ మీద బరువే తప్ప బలం లేదు. నన్ను లాగుతున్నది వెనకనున్న మనిషి ఒక్కతే.

సులోచనకు ఆ సంగతి మొదటి ఫర్లాంగులోనే తెలిసిపోయింది. చూపున్నవాళ్ళకైతే అంత త్వరగా తెలిసేది కాదేమో. ఆమె కూడా చెప్పలేదు. "రోడ్డు ఎత్తా?" అని అడిగేది. "ఎత్తే" అనేది కృపావతి, సిగ్గుతో. ఒక్కోసారి అక్కడ ఎత్తు ఉండేది కాదు. సులోచన చెమట నా సీటు మీదుగా కారి గొలుసు మీద పడుతోంది. ఊపిరి బుసబుసమని వినపడుతోంది. గంటకు పన్నెండు కిలోమీటర్లు, పదకొండు, మళ్ళీ పన్నెండు. అలా గంటన్నర.

సింగరాయకొండ దాటాక పక్కన ఒక ట్రాలీ ఆటో నెమ్మదించింది. నడుపుతున్నవాడు కృపావతి చిన్నాన్న కొడుకు దానియేలు, అరటిగెలలు దింపేసిన ఖాళీ బండితో ఒంగోలు వెళ్తున్నాడు.

"అక్కా, ఏందిది? నీ మొగం సూడు, శవంలా ఉంది. సైకిలు ఎనకేద్దాం, ఎక్కండి. ఊరి మొదట్లో దింపేస్తా. ఎవుడు సూస్తాడు?"

కృపావతి బ్రేకు వేసింది. కాలు కింద పెడితే నిలవలేదు. నా మీద ఒరిగిపోయింది. టైము నాలుగూ ముప్ఫై అయిదు. ఇంకా ఇరవై ఎనిమిది కిలోమీటర్లు.

వెనకనుంచి చాలా మెల్లగా మాట వచ్చింది. "ఎక్కిద్దాం కృపా."

కృపావతి వెనక్కి తిరిగి చూసింది. రోజూ పొద్దున్నే మోకాళ్ళూనే మనిషి, చిల్లర ఎక్కువిచ్చారని రెండు వీధులు వెనక్కి నడిచి తిరిగిచ్చే మనిషి, ఆ మాట అంది. తను నెలకోసారి చర్చికెళ్తే గొప్ప.

"పిల్లలు పదకొండుమంది" అంది సులోచన. "నేను తప్పితే వెళ్ళేవాళ్ళలో బ్రెయిలీ వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. దేవుడు నన్ను తిట్టుకున్నా సరే. ఎక్కిద్దాం."

దానియేలు అప్పటికే దిగి ట్రాలీ తలుపు కొక్కెం తీశాడు. లారీ ఒకటి హోరెత్తిస్తూ పోయింది. కృపావతి హ్యాండిలు వదల్లేదు. ఆమె పట్టు నా రబ్బరు తొడుగుల మీద బిగిసింది.

"వదినా, ఉలవపాడు కాణ్ణుంచి నేను తొక్కలేదు."

"తెలుసు."

"నువ్వొక్కదానివే లాక్కొచ్చావు. గంటన్నర. ఈ బండెక్కామంటే ఆ గంటన్నర కూడా అబద్ధమైపోద్ది. నిన్ను చూసుకోవడానికి మనిషి కావాలన్నారే, వాళ్ళ మాటే నిజమవుద్ది. నేను ఒప్పుకోను." కళ్ళు తుడుచుకుని తమ్ముడివైపు తిరిగింది. "దానియేలూ, నీ దగ్గర ఉప్పుందా?"

ఉప్పు లేదు. మామిడికాయ పచ్చడి బద్దలున్నాయి, తన అన్నంలోకి తెచ్చుకున్నవి. కృపావతి వాటిని చప్పరించి నీళ్ళు తాగింది. దానియేలు రోడ్డు పక్కన కూర్చుని రెండు పిక్కలూ పిండి కలిపినట్టు పిసికాడు. ఈసారి అరిచింది, పొలాల్లో కొంగలు లేచేలా. తర్వాత ఎక్కారు.

ఆ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు నా ఇనుములో ప్రతి అతుకూ కిర్రుమంది. కృపావతి నొప్పితోనే తొక్కింది. పంటి బిగువున బూతులొచ్చినప్పుడల్లా సులోచన గట్టిగా కీర్తన ఎత్తుకునేది, అవి వినపడకుండా. టంగుటూరులో అయిదూ ఇరవై. పొద్దు దిగిపోతోంది. ఒంగోలు వంతెన ఎక్కేసరికి ఆరుంపావు. ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు ఒకటి అడ్డం పడింది. బ్యాండువాళ్ళు పక్కకు తప్పుకునేలోపు కృపావతి గంట మోగిస్తూనే ఉంది.

ముగింపు గీత దాటినప్పుడు ఆరూ ముప్ఫై తొమ్మిది.

అక్కడ సంఘంవాళ్ళు పదిహేనుమందిదాకా నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి చూపూ ఇశ్రాయేలు గారి చేతి గడియారం మీదే. ఆయన కొబ్బరిబొండం కొట్టించి తన చేత్తోనే సులోచనకు పట్టించారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత తొక్కావమ్మా" అన్నారు. తర్వాత, "కానీ గడువు గడువే కదా" అన్నారు. మనుషుల దగ్గర నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఇదే. నిజంగానే ఏడుస్తారు, మాట మాత్రం మార్చుకోరు.

మర్నాడు ఆరాధనలో జరిగింది ఇంటికొచ్చాక వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పేర్లు చదివే ముందు కృపావతి లేచి నిలబడిందట. "గడువు దాటాం కాబట్టి మిమ్మల్ని వెయ్యమనను. మా వదిన వంతుకు తక్కువైంది రేపటికల్లా నేను కడతాను. ఆమె పేరు చదవండి." ఎలా కడతావని ఎవరూ అడగలేదు. ఇశ్రాయేలు గారు పేరు చదివారు.

సోమవారం సాయంత్రం సూర్యలంక సముద్రం ఒడ్డు రిసార్టువాళ్ళు వచ్చి, కృపావతికి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, నన్ను వ్యానులోకి ఎక్కించారు. సులోచన లోపలే ఉండిపోయింది. కృపావతి తాళం చెవి ఇచ్చేసి, నా హ్యాండిలు మీద మట్టి లేకపోయినా కొంగుతో ఒకసారి తుడిచింది.

ఇప్పుడు నేను అరగంటకింతని అద్దెకు తిరుగుతున్నాను. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఎక్కుతారు, ఫొటోలు దిగుతారు, ఇసుకలో పడతారు. ఉప్పుగాలికి నా గొలుసు తుప్పు పడుతోంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ వచ్చారు. డబ్బు కట్టి, పాత చోట్లలోనే ఎక్కారు. తారురోడ్డు మీద సరుగుడు తోటల వెంట పోతూ సులోచన మాట్లాడుతూనే ఉంది. పదకొండుమందిలో పార్వతి అనే పిల్ల ఒకతి ఎనిమిది రోజులు చెయ్యి చాపలేదట. బ్రెయిలీ చుక్కలంటే పురుగులనుకుందట. తొమ్మిదో రోజు తనే వచ్చి, సులోచన వేలు పట్టుకుని, తన పేరు ఎక్కడుందో చూపించమందట.

"జూన్ నుంచి అక్కడే ఒక ఏడాది ఉండమంటున్నారు" అంది చివర్న.

కృపావతి గేరు మార్చింది. "పోతావా?"

"పోతాను."

"ఇంట్లో నాతో పోట్లాడేదెవరు మరి?"

"ఫోనుందిగా."

గేటు దగ్గర రిసార్టు మేనేజరు చెయ్యి ఊపాడు. "మేడం, టైమైపోయింది!"

కృపావతి బ్రేకు వెయ్యలేదు. జాకెట్టులోంచి నోటు తీసి, దగ్గరికొచ్చాక అతని చేతిలో పెట్టి, ఆగకుండానే మలుపు తిప్పింది.

"ఇంకో అరగంట" అంది.