రికార్డుల గది లాకు

సోమవారం పొద్దున ఎనిమిదింటికి తిప్పేష్ ఉరవకొండలో తన షాపు షట్టరు ఎత్తుతుంటే లక్ష్మీపతి నుంచి ఫోన్ వచ్చింది.

"తిప్పేషూ, రికార్డుల గది లాకు మార్చాల. కొత్త సామాను ఏసుకొని ఎంటనే రా. పన్నెండు లోపల అయిపోవాల."

తిప్పేష్‌కు ఒళ్లు మండింది. ఆ లాకు అరిగిపోయిందని ఫిబ్రవరిలోనే చెప్పాడు. ఏప్రిల్‌లో తనే ఫోన్ చేసి మళ్లీ గుర్తు చేశాడు. అప్పుడంతా చూద్దాం, చూద్దాం అన్న మనిషికి ఈరోజు పన్నెండు లోపల కావాలట.

"మూడు నెల్లుగా చెప్తాండా గదా సార్. ఈపొద్దు ఏమొచ్చింది అంత అర్జెంటు?"

"నువ్వు రాప్పా ముందు" అని లక్ష్మీపతి ఫోన్ పెట్టేశాడు.

తిప్పేష్‌ది గుమ్మఘట్ట దగ్గర పల్లె. ఎనిమిదేళ్లు బెంగళూరు అపార్టుమెంట్లలో డబుల్ గ్లాసు తలుపులు, కిటికీలు బిగించి, బాగు చేసి, తిరిగొచ్చి ఉరవకొండలో షాపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల గాలిమరల కంపెనీలు, సోలార్ కంపెనీలు దుమ్ము లోపలికి రాకూడదని ఆఫీసులన్నిటికీ ఆ తలుపులే పెట్టించాయి. హ్యాండిల్ ఊడినా, లాకు పట్టేసినా ఆ పని తెలిసినవాడు ఇతనొక్కడే. విడపనకల్లు అవతల నల్లరేగడి చేల మధ్య ఉన్న గాలిమరల ఆఫీసుకు లక్ష్మీపతి మేనేజరు. ఏ పనికీ కాదనడు, ఏ పనీ చేయించడు. అందుకే ఆయన్ని మంచివాడనేవాళ్లు.

గేటు దగ్గర బండి ఆపగానే వాచ్‌మన్ ఓబులేసు ఎదురొచ్చాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకు తెలీదా అన్నా? నిన్న ఆంజినమ్మ ఆ గదిలో ఇరుక్కునింది. ఐదు గంటలు."

తిప్పేష్ హెల్మెట్ తీయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

ఆంజినమ్మ ఆ ఆఫీసు ఊడ్చి తుడిచే మనిషి. ఆదివారం ఎవరూ ఉండరు కాబట్టి ఆ రోజే గదులన్నీ కడుగుతుంది. పదకొండింటికి రికార్డుల గదిలోకి వెళ్లింది. తలుపు మూసి హ్యాండిల్ పైకి ఎత్తాలని అక్కడ గోడమీద కాగితం అంటించి ఉంది. ఎత్తితే పైన, నడుమ, కింద మూడు కొక్కీలు ఒకేసారి చట్రంలో పడతాయి, సందు లేకుండా మూసుకుంటుంది. ఆమె ఎత్తింది. పని అయ్యాక దించితే హ్యాండిల్ వదులుగా కిందికి వేలాడింది, కొక్కీలు రాలేదు. కిటికీలకూ తాళాలే. ఎవరో తెరిచిపెడితే దుమ్ము పడిందని లక్ష్మీపతి వాటి హ్యాండిళ్లకు తాళం వేయించి, తాళపు చెవులు తన సొరుగులో పెట్టుకున్నాడు. ఆదివారం ఏసీ వెయ్యకూడదని ఆయనే చెప్పాడు. ఆమె ఫోను బయట అన్నం సంచిలో ఉంది.

"నేను ఈడనే ఉన్న్యా అన్నా" అన్నాడు ఓబులేసు. "ఒక్క చప్పుడు ఇనపడలేదు. నాలుగింటికి చెన్నప్ప వచ్చి, మా ఆడమనిషి ఇంటికి రాలేదే అంటే, ఎప్పుడో పోయింటాదిలే అన్న్యా. ఆయన ఆఫీసు చుట్టూ తిరిగి చూస్తే గాజు అవతల నేలమీద పడిపోయుండాది. గుండ్రాయి తెచ్చి కిటికీ పగలగొట్టినాడు. ఒక గాజు పగిల్తే లోపల ఇంకో గాజు. మళ్లా కొట్టినాడు."

"ఆయమ్మకు ఎట్లుండాది ఇప్పుడు?"

"మాట వచ్చిందంట పొద్దున. ఉరవకొండ ఆసుపత్రిలో ఉండాది."

తిప్పేష్ ఆఫీసు పక్కకు తిరిగి వెళ్లాడు. పడమటి ముఖం గది, గాజులోంచి చూస్తే గేటు కనిపిస్తుంది. తలుపు ఇంకా అలాగే బిగుసుకుని ఉంది. గాజు మీద లోపలి వైపు అరచేతుల మరకలు. మనిషి ఎత్తున కొన్ని, నడుము ఎత్తున కొన్ని, అన్నిటికంటే కింద, నేలకు జానెడు పైన, కొన్ని. పగిలిన కిటికీలోంచి లోపలికి దిగితే తుడుపుకర్ర రెండు ముక్కలై కనిపించింది. నేలమీద గాజు గింజలు. పొద్దున తొమ్మిదిన్నరకే గది పెనంలా ఉంది.

హ్యాండిల్ మరలు విప్పి, సన్నటి ఇనుప బద్దతో కొక్కీలు ఒక్కొక్కటే వెనక్కి నెట్టి తలుపు తెరిచాడు. కొక్కీలున్న లాకు పట్టీ మొత్తం బయటికి లాగాడు. హ్యాండిల్‌కూ కొక్కీలకూ నడుమ ఉండే గేరు బాక్సు మూత తీసి చూశాడు. పళ్లు అరిగిన చక్రం పక్కన ఒక రేకు ముక్క అడ్డంగా ఇరుక్కుని ఉంది. గ్రీజు డబ్బా మూత నుంచి కత్తిరించిన రేకు.

అది తను పెట్టిందే.

ఫిబ్రవరిలో కొత్త బాక్సు కావాలంటే లక్ష్మీపతి, "మార్చి దాటనీ, ఇప్పటికి ఏదో ఒకటి చేసిపో" అన్నాడు. తిప్పేష్ రేకు ముక్క ఆనించి, గ్రీజు దట్టించి, పది సార్లు తీసి మూసి చూశాడు. నెల రోజులు ఆగుతుందనుకున్నాడు. ఆఫీసువాళ్ల రిపేరు కార్డు మీద 'పని పూర్తి, తలుపు బాగుంది' అని రాసి సంతకం చేశాడు. ఆ రేకు జారి చక్రాన్ని పట్టేసింది. రేకు లేకపోతే హ్యాండిల్ నాలుగు సార్లు ఆడిస్తే తలుపు తెరుచుకునేదేమో. తెరుచుకునేది.

వెనక నుంచి లక్ష్మీపతి వచ్చాడు. చేతిలో కాగితం.

"తీసినావా? మంచి పని. కొత్తది బిగించు. పాతది నాకియ్యి. ఇదో, దీని మీద ఒక సంతకం. పన్నెండుకు బెంగళూరు ఆఫీసుకు పంపాల."

తిప్పేష్ చదివాడు. లాకులో ఏ లోపమూ లేదు, లోపలున్న మనిషి హ్యాండిల్‌ను తప్పు వైపుకు బలంగా తిప్పడంతో విరిగింది, అని ఉంది.

"ఆయమ్మ ఆరేండ్లుగా ఈ తలుపులు తీస్తాండాది, మూస్తాండాది. ఏ పక్క తిప్పాలో నీకు తెల్సా, ఆమెకు తెల్సా?" ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఇద్దరూ గమనించారు.

"గొంతు తగ్గించు. ఎండదెబ్బ తగిలింది, అంతే. మందులన్నీ కంపెనీ చూసుకుంటాది. ఆమెకేం కాలేదు గదా."

"ఏం కాలేదా? ఈ గాజు చూడు. చేతులు చూడు ఎంత కిందికి దిగినాయో! కిటికీలకు తాళాలేసి చెవులు సొరుగులో పెట్టుకొని ఆదివారం ఇంట్లో పండుకున్న్యావే, ఆ కాగితంలో అది యాడ రాసినావు?"

లక్ష్మీపతి ముఖం ఎర్రబడింది. వంగి గేరు బాక్సులోకి చూసి, రేకును వేలితో చూపించాడు.

"ఇది ఎవరు పెట్టింది? కార్డు నా దగ్గరుండాది. బాగుంది అని రాసింది ఎవరు? నా మీదికొస్తే నీ మీదికీ వస్తాది. ఆలోచన చేసుకో."

తిప్పేష్‌కు ఆ రేకు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇంతసేపూ ఎదుటివాడి మీద అరవడం సుఖంగానే ఉంది. ఇప్పుడు ఆ కోపమంతా తిరిగొచ్చి తన గుండె మీద కూర్చుంది. సామాను సంచి సర్దుకున్నాడు. కొత్త లాకు సంచిలోంచి తీయనేలేదు. పాత పట్టీని గోనెలో చుట్టి భుజాన వేసుకున్నాడు.

"అది కంపెనీ సామాను!" లక్ష్మీపతి అడ్డం నిలబడ్డాడు.

"రేకు నాది. దాంట్లోనే ఇరుక్కొనుండాది. కావాలంటే పోలీసుల ముందర విడిపించుకో."

అతన్ని పక్కకు నెట్టి బయటికొచ్చాడు. గేటు దగ్గర ఓబులేసు గొలుసు తీశాడు.

ఆసుపత్రిలో ఆంజినమ్మ గోడవైపు మంచంలో ఉంది. పెదాలు పగిలి నల్లబడ్డాయి. రెండు చేతులకూ కట్లు. భర్త చెన్నప్ప సెలైన్ సీసా కింద నిలబడి ఉన్నాడు. గొర్రెలు మేపే మనిషి, ఒంటిమీద ఇంకా నిన్నటి చొక్కానే.

తిప్పేష్ గోనె కిందపెట్టి, రేకు సంగతీ, సంతకం సంగతీ, అన్నీ చెప్పసాగాడు. చెప్పడం పూర్తి కాకముందే చెన్నప్ప చెయ్యి చెంప మీద పడింది. రెండోసారి కాలర్ దొరకబుచ్చుకున్నాడు.

"తెలిసీ పెట్టినావా? తెలిసీ?"

"తెలిసే అన్నా."

"వదులు వాన్ని" అంది ఆంజినమ్మ. గొంతు గరగరమంటోంది. "చెప్పనీ."

తిప్పేష్ చెప్పింది ఆమె చివరిదాకా వింది.

"ఓబులేసు నాకు కనిపిస్తానే ఉన్న్యాడప్పా. గేటు కాడ కుర్చీలో కూర్చొని బీడీ కాలుస్తాండాడు. నేను అరుస్తాండా, గాజు మీద కొడ్తాండా. వాడు ఈ పక్కకు తలకాయ తిప్పడు. కండ్ల ముందర మనిషి ఉండాడు, నా అరుపు మాత్రం ఆ గాజు దాటదు. ఎట్లుంటాదో తెల్సునా నీకు?"

"తెలీదక్కా."

"తెలీదు. తెలిస్తే రేకు పెట్టవు. నిన్ను తిట్టేకి గూడా నోట్లో తడి లేదు నాకు." గోనె వైపు చూసింది. "అట్లాంటి తలుపులు ఇంకెన్ని ఉండాయి ఆడ?"

"ఇంకో ఆరు. రెండిటి లాకులు అరిగిపోయినాయి."

"కంట్రోలు గదులు ఊడ్చేది త్రివేణి. మొన్ననే చేరింది, ఇరవై ఏండ్లుండవు దానికి." ఆమె కట్టు కట్టిన చెయ్యి ఎత్తి గోనెను చూపించింది. "ఇది నాకెందుకు చూపిస్తావు? చూపించాల్సిన కాడికి తీసుకొని పో."

మధ్యాహ్నం చెన్నప్ప, తిప్పేష్ ఒకే బండి మీద పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. చెన్నప్ప ఫిర్యాదు ఇచ్చాడు. తిప్పేష్ లాకు బల్ల మీద పెట్టి, తను ఎప్పుడు ఏం చెప్పాడో, ఏం చేశాడో, ఏం రాశాడో రాయించి సంతకం పెట్టాడు. నీ మీద కూడా కేసు పడొచ్చని అక్కడివాళ్లు రెండుసార్లు చెప్పారు. పడనీ అన్నాడు. కేసు లక్ష్మీపతి మీదా, అతని మీదా పడింది.

ఆ తర్వాత రెండు వారాలు ఏ గాలిమరల ఆఫీసు నుంచీ, ఏ సోలార్ ఆఫీసు నుంచీ తిప్పేష్‌కు ఫోన్ రాలేదు. మూడో వారం బెంగళూరు ఆఫీసు నుంచి పద్మప్రియ అనే ఆఫీసరు వచ్చింది. రాజీ కాగితం పట్టుకుని ఆంజినమ్మ ఇంటికే వెళ్లింది.

"కేసు కేసే, అది వాపసు తీసుకోను" అంది ఆంజినమ్మ. "కాగితం సంగతి తర్వాత. ముందర ఆ ఆరు తలుపులు చూడాల. ఒక్కోదాంట్లోకి లక్ష్మీపతి సారు పోవాల, మూసుకోవాల, మళ్లా తలుపు తీసి బయటికి రావాల. బాగు చేసినాక కాదు. ఇప్పుడెట్లుండాయో అట్లనే."

పద్మప్రియ ముందు నవ్వింది. ఆంజినమ్మ నవ్వడం లేదని చూసి, సరే అంది.

బుధవారం పొద్దున పదింటికి అందరూ ఆఫీసు దగ్గర చేరారు. తిప్పేష్‌ను పిలిపించింది కూడా ఆంజినమ్మే. వేరే పనివాడెవరూ లేరు కాబట్టి, అని ముఖం మీదే చెప్పింది. లక్ష్మీపతి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. మొదటి గదిలోకి వెళ్లి, మూసి, హ్యాండిల్ ఎత్తి, దించి, బయటికొచ్చాడు. రెండోది, మూడోది అంతే. ఇదంతా నాటకమన్నట్టు పద్మప్రియ వైపు చూసి భుజాలెగరేశాడు.

నాలుగోది సామాను గది. హ్యాండిల్ ఎత్తాడు. దించాడు. అది తేలిగ్గా కిందికి జారి వేలాడింది. తలుపు కదల్లేదు.

మళ్లీ ఎత్తి దించాడు. చిన్నగా నవ్వుతూ చేత్తో సైగ చేశాడు. తర్వాత రెండు చేతులతో లాగాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు. బయట గాలిమర రెక్కల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అరచేత్తో గాజు కొట్టడం మొదలుపెట్టాడు.

"తీయండి, తొందరగా" అంది పద్మప్రియ.

తిప్పేష్ స్క్రూడ్రైవర్‌తో ముందుకు వంగాడు.

"ఉండప్పా" అంది ఆంజినమ్మ.

అతను ఆగిపోయాడు. ఆమె నెమ్మదిగా నడిచి గాజుకు దగ్గరగా నిలబడింది. లోపలి మనిషిని చూస్తూ ఉంది. లక్ష్మీపతి అరుస్తున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి, చొక్కా చెమటకు ఛాతీకి అంటుకుంది. ఆమె ముఖంలో జాలి లేదు, సంతోషమూ లేదు. రెండు నిమిషాలైనా అయ్యుంటుంది.

ఆంజినమ్మ పక్కకు తప్పుకుంది. "తియ్యి."

తీయడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. లక్ష్మీపతి బయటికొచ్చి, ఓబులేసు చేతిలోని సీసా లాక్కుని నీళ్లు తాగాడు.

"అంత అరుస్తాంటే ఇనపడలేదా మీకు?"

"ఇనపడలేదు సార్" అంది ఆంజినమ్మ.

ఆయన తల వంచుకున్నాడు. ఐదో గదిలోకి నేను పోను అన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. పద్మప్రియ అక్కడే మెట్టు మీద కూర్చుని, ఆరు తలుపుల లాకులూ మార్చాలని, కిటికీల చెవులు కిటికీలకే ఉండాలని, గదిలో మనిషి ఉన్నంతసేపూ హ్యాండిల్ ఎత్తకూడదని రాసి, లక్ష్మీపతి చేత సంతకం పెట్టించింది. రాజీ కాగితం మీద మాత్రం ఆంజినమ్మ ఆ రోజు వేలిముద్ర వేయలేదు. డిగ్రీ చదివే కూతురు హేమావతి వచ్చి చదివి చెప్పాకే అంది.

చెన్నప్ప బండి స్టార్ట్ చేయబోతే అది అందుకోలేదు. తిప్పేష్ దగ్గరికి పోయి, "అక్కా, నేను దించి వస్తా" అన్నాడు.

"వద్దప్పా. నీ మీద కోపం పోలేదు నాకు. పోయేది గూడా కాదు." ఆమె గోడ నీడలో నిలబడి, భర్త మళ్లీ మళ్లీ కిక్కు కొడుతుంటే చూస్తూ ఉంది. "నువ్వు పోయి లాకులు చూడు. త్రివేణి రేపు పనికొస్తాది."

తిప్పేష్ లోపలికి వెళ్లి ఐదో తలుపు మరలు విప్పడం మొదలుపెట్టాడు.