గొట్టం పట్టే చెయ్యి

మూట చీల్చగానే గాజు దూది గుప్పున లేచి రోవీనా కళ్ళజోడును కప్పేసింది. ముసుగు లోపల ఊపిరి గడ్డకట్టి గడ్డానికి గుచ్చుకుంటోంది. కాళ్ళ కింద, రాత్రి పడిన మంచు మోకాలి లోతు ఉంది.

లారీ వెనక నిలబడి మూటలు చీల్చడం, ఆ దూదిని మిషన్ నోట్లో కుక్కడం ఆమె పని. ఇంట్లో వేడి పైకప్పులోంచి పోకుండా అటక నిండా పరిచే దూది అది. మిషన్ దాన్ని చిలికి, గాలి కలిపి, పొడుగాటి గొట్టంలోకి నెడుతుంది. గొట్టం రెండో కొస ఇర్మా పెక్కలా ఇంటి అటక మీద, ట్రాయ్ చేతిలో ఉంది.

ఆ కొస రోవీనా చేతిలో ఉండాల్సింది. గొట్టం పట్టే ముసలి ఎడ్, మోకాళ్ళు పోయి పని మానేసిన రోజున, "నా తర్వాత ఈ పిల్లే పట్టాలి" అని అందరి ముందూ చెప్పాడు. కంపెనీ యజమాని వారెన్ నవ్వి ఊరుకున్నాడు. ఈ ఇనపగనుల ప్రాంతంలో ఆడవాళ్ళు గొట్టం పట్టడం ఎవరూ చూడలేదు. ఆడవాళ్ళు మూటలు ఎత్తొచ్చు. మూట గొట్టం కన్నా బరువన్న సంగతి ఎవరికీ పట్టలేదు. గని మూతపడి రోడ్డున పడ్డ ట్రాయ్‌ను తీసుకొచ్చి అటక ఎక్కించారు. మూటలు కుక్కే మనిషికి గంటకి పంతొమ్మిది డాలర్లు. గొట్టం పట్టే మనిషికి ఇరవై ఆరు. డబ్బు ఒక్కటే అయితే రోవీనా ఎలాగో మింగేది. కానీ గొట్టం పట్టినవాడు లారీలో ముందు సీట్లో కూర్చుంటాడు. ఎముకలు కొరికే చలిలో వెచ్చటి ఇంట్లో ఉంటాడు. ఇంటివాళ్ళు అతన్నే 'మేస్త్రీ' అంటారు.

వైర్‌లెస్ గరగరలాడింది. అటక మీద పాడుకుంటూ పనిచేసే ట్రాయ్ పాట ఆపాడు.

"అక్కా, దూది రావట్లేదు. కునుకు తీస్తున్నావా?"

"నీ పాట వింటూ కునుకు కూడానా? శవం లేచి పారిపోతుంది."

"నా పాటకి పైన ఎలకలు డాన్స్ చేస్తున్నాయిక్కడ."

ఇంకెవరైనా అని ఉంటే ఆమె నవ్వేది. ట్రాయ్ మంచివాడే. అదే ఆమెకి ఎక్కువ మంట. చెడ్డవాడైతే ద్వేషించడానికి కాస్త సుఖంగా ఉండేది.

వంటింటి తలుపు తెరుచుకుంది. గని కార్మికుడి భార్య ఇర్మా, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. బీదవాళ్ళ ఇళ్ళకి చలి ఆపే పని చేయించే సర్కారు నిధి కింద ఆమె ఇంటికి ఈ ఏడాది వంతొచ్చింది. చేతిలో కాగితం చుట్టిన పాస్టీ ఉంది. మాంసం, బంగాళాదుంప కూరి కాల్చినది. ఆవిరి కక్కుతోంది.

"ఇదిగో అబ్బాయ్! పైనున్న మేస్త్రీకి ఇది అందించు. పాపం, పొద్దుట్నించీ ఏమీ తిన్లేదు."

ముసుగు చూసి మగవాడనుకుంది. దాని వెనక రోవీనా పళ్ళు కొరికింది. పాస్టీ తీసుకెళ్ళి నిచ్చెన మీంచి ట్రాయ్ కిచ్చింది. అటకలోంచి వెచ్చటి గాలి ఆమె మొహాన్ని తాకింది. ఆ ఒక్క క్షణం వెచ్చదనం ఆమె ఒళ్ళంతా మండించింది.

లారీ దగ్గరికి తిరిగొచ్చింది. మిషన్ పక్కన ఒక జారుడు పలక ఉంటుంది. అది ఎంత తెరిస్తే అంత దూది గొట్టంలోకి పోతుంది. రోవీనా అటూ ఇటూ చూసింది. పలకని దాదాపు మూసేసింది. గాలిని మాత్రం పూర్తిగా వదిలింది.

రా నాయనా రా, సాయంత్రం దాకా చుక్క చుక్కగా పోసుకో అనుకుంది.

ఆమె రెండో కాఫీ చల్లారకముందే వైర్‌లెస్ పలికింది.

"అక్కా, ఆపెయ్. అయిపోయింది!"

"ఏంటి అయిపోయేది?"

"అటక. గుర్తు దాటి నిండింది. నాకే నమ్మబుద్ధి కావట్లా."

అప్పుడు అర్థమైంది ఆమెకి. దూది తగ్గి గాలి పెరిగేసరికి అది పేలాల్లా విచ్చుకుంది. దూలాలకు కొట్టిన కొలబద్దల మీద గుర్తులన్నీ మునిగిపోయాయి. లారీలో మూటలు మాత్రం సగం అలాగే ఉన్నాయి. పనులు చూసుకుంటూ అటు వచ్చిన వారెన్ నిచ్చెన ఎక్కి టార్చి వేసి చూశాడు. దిగి, మూటలు చూశాడు. ట్రాయ్ భుజం తట్టాడు. రోవీనా ఉందన్నట్టు కూడా చూడలేదు.

శుక్రవారం ఉదయం షెడ్డులో పనివాళ్ళందర్నీ పోగుచేశాడు వారెన్. కొత్త లారీ తాళంచెవి ట్రాయ్ చేతిలో పెట్టాడు.

"ఇకనించీ అందరూ ట్రాయ్ లాగే చెయ్యాలి. తక్కువ మూటలు, నిండు అటక. సర్కారు చూసేది గుర్తునే, మూటల్ని కాదు. ఎలా చేశావో చెప్పవోయ్."

ట్రాయ్ తల గోక్కున్నాడు. అతనికేం తెలుసు?

"అదీ... అంతా మణికట్టులో ఉందండి."

అందరూ అతని మణికట్టు వైపు చూశారు. ఒకడు తన మణికట్టు తిప్పి కూడా చూసుకున్నాడు.  రోవీనా ముంచుదామని చేసిన పని ట్రాయ్‌కి కిరీటమైంది. నోరు మూసుకుంటే సరిపోయేది. కుళ్ళు ఊరుకోనివ్వలేదు.

"మణికట్టూ లేదు, మన్నూ లేదు!" అంది. "పలక మూసింది నేను. ఆ పని నాది."

 వారెన్ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఎవరికీ రాని ఆలోచన నీకొచ్చిందన్నమాట. పలక ఎంత మూయాలో మిగతావాళ్ళకి నేర్పించు. గొట్టం నీది. లారీ నీది."

"ట్రాయ్?"

"మూటలు కుక్కుతాడు."

ఆమె బయటికొచ్చేసరికి ట్రాయ్ తాళంచెవి బల్ల మీద పెట్టి నిలబడి ఉన్నాడు.  అతని కళ్ళల్లో ఉన్నదేమిటో రోవీనాకి బాగా తెలుసు. ఎడ్ పని మానినప్పట్నించీ రోజూ అద్దంలో చూస్తున్నదే.

సోమవారం నించీ ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఇంటివాళ్ళు మేస్త్రీ అన్నారు. అటకలు వెచ్చగా ఉన్నాయి. కింద ట్రాయ్ పలక మూసి ఉంచాడు. వైర్‌లెస్‌లో పాటలు లేవు.

నెల తిరక్కుండానే ఇల్లు ఇంకా చలిగానే ఉందని ఇర్మా కంపెనీకి ఫోన్ చేసింది.

"దారిలో ఆగి, ఇల్లు వెచ్చబడటానికి టైం పడుతుందని చెప్పు," అన్నాడు వారెన్ రోవీనాతో. "అటక ఎక్కకు. పక్క వీధిలో ఇంకో ఇల్లుంది, మూటలు దానికి సరిగ్గా సరిపోతాయి."

వీధి మొదట్లోనే రోవీనాకి తెలిసిపోయింది. ఇరుగు పొరుగు కప్పుల మీద మంచు దుప్పటిలా దళసరిగా ఉంది. ఇర్మా కప్పు ఒక్కటే నల్లగా, బోడిగా ఉంది. మంచు అంతా కరిగి చూరు వెంట మనిషంత మంచు ఊడలు వేలాడుతున్నాయి. లోపలి వేడి పైకప్పులోంచి పోతోంది.

ఇర్మా కోటు వేసుకుని తలుపు తీసింది. మంచం వంటింట్లోకి వచ్చేసింది. వెచ్చదనం కోసం పొయ్యి తలుపు తెరిచి ఉంది.

"నువ్వేనా అమ్మా కొత్త మేస్త్రీ? ఆ అబ్బాయి బాగా చేశాడు, తప్పు అతనిది కాదు. నాకే చలి ఎక్కువ. ముసలితనం కదా."

రోవీనా అటక ఎక్కింది. చూరు గాలికి తేలిక దూది నడిమికి కొట్టుకుపోయింది. అంచుల్లో చెక్కలు బయటపడ్డాయి. మిగిలినచోట చెయ్యి పెడితే నురగలా కుంగింది, వేళ్ళ సందుల్లోంచి చల్లగాలి తగిలింది.

ఆమె అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. తర్వాత వైర్‌లెస్ నొక్కింది.

"ట్రాయ్. గొట్టం పంపు."

"ఈ ఇంటికా? ఆ మూటలు పక్క వీధివి."

"తెలుసు. ఈ ఇల్లు చెడగొట్టింది నేను. ఆ రోజు నీ మీద కుళ్ళుతో పలక మూశాను. నిన్ను సాయంత్రం దాకా ఏడిపిద్దామని."



"నేనే ఏదో గొప్పగా చేశాననుకున్నానక్కా," అన్నాడు ట్రాయ్. "మా ఆవిడకి కూడా చెప్పుకున్నా."

గొట్టం పైకి వచ్చింది. ఆమె బిగించుకునేలోపే, పక్క వీధి పని చూడ్డానికి బయల్దేరిన వారెన్ కారు బయట ఆగింది. నిచ్చెన అడుగున అతని గొంతు వినపడింది.

"దిగు రోవీనా. పిచ్చి వేషాలెయ్యకు."

"దిగను."

"నీకు గొట్టమిచ్చింది నేను. ఆడదానివైనా."

"ఇచ్చారు. అందుకే దీంతో గాలి కొట్టను, దూది కొడతాను."

"ట్రాయ్!" అని అరిచాడు వారెన్. "ఆ పలక సంగతి చూడు. రేపట్నించి గొట్టం నీది. వినపడిందా?"

కింద మిషన్ ఉరిమింది. చీకట్లో రోవీనా గొట్టం పట్టుకుని నిలబడింది. పలక ఇప్పుడు అతని చేతి కింద ఉంది. మూసేస్తే అతనికి ముందు సీటు, వెచ్చటి అటకలు, మేస్త్రీ అన్న పిలుపు. ఆ ఆశ ఎంత తియ్యగా ఉంటుందో ఆమెకన్నా తెలిసినవాళ్ళు లేరు. తను అతని స్థానంలో ఉంటే ఏం చేసేదో కూడా తెలుసు. చేసింది కదా.

 ఏం చేస్తావని ఆమె అడగలేదు.

గొట్టం వణికింది. రోవీనా చేతితొడుగు పీకేసి, వచ్చేది దూదో ఒట్టి గాలో తెలియాలని దాని నోటికి ఎదురుగా అరచెయ్యి చాపింది.