ఆర్విల్ వాకిట్లో నీలం బోర్డు

అక్కడ జడ్జిని కూడా జనమే ఎన్నుకుంటారు; మంగళవారం ఆ పదవికి ఓట్లు. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వస్తూ జడ్జి మార్లిస్ కారు ఆపమంది. విస్కాన్సిన్‌లో ఏప్రిల్ అన్న మాటే గానీ మంచు ఇంకా కరగలేదు. ఆర్విల్ బ్రెకీ ఇంటి ముందు ఆ మంచులో ఆమెకు ఓటేయమనే నీలం ప్రచార బోర్డు నిలబడి ఉంది.

"మన బోర్డేగా, బాగానే ఉంది," అన్నాడు భర్త డ్వేన్.

"వచ్చే వారం ఆర్విల్ కాలువ తగాదా నా ముందుకే వస్తోంది."

డ్వేన్ నిట్టూర్చాడు. కిందటిసారి ఆమె గెలిచింది నలభై ఒక్క ఓట్ల తేడాతో. బ్రెకీల బలగం అంతకు తక్కువేమీ ఉండదు. "రెండు రోజులే కదా మార్లిస్. చూడనట్టు పోదాం."

ఆమె అప్పటికే దిగింది. పన్నెండేళ్లుగా కూర్చుంటున్న కుర్చీ. అది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో కూడా ఆమెకు తెలియదు.

ఆర్విల్ నవ్వుతూ మెట్లు దిగాడు. "రండి జడ్జమ్మా! మా తమ్ముళ్ల ఇళ్ల ముందు కూడా పాతించాను. ఆ ఎదురింటి బెర్నడీన్ చూడండి, కాలువకు అడ్డంగా మట్టి పోసి..."

"కాలువ మాట ఎత్తకు ఆర్విల్. కోర్టు బయట నేను వినకూడదు. ఈ బోర్డు తీసుకెళ్దామని వచ్చాను."

"నా వాకిలి, నా ఇష్టం!"

"నీ ఇష్టమే. అందుకే అడుగుతున్నాను."

అతని మొహం మాడిపోయింది. "పట్టుకుపోండి. మా ఓట్లూ దాంతోపాటే పోయాయనుకోండి."

గడ్డకట్టిన నేలలోంచి బోర్డు ఒక పట్టాన రాలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ పట్టి లాగారు. రోడ్డవతల బెర్నడీన్ ఇంటి కిటికీ తెర పక్కకు జరిగింది.

"ఆవిడ వాకిట్లో ఉన్నది నీ మీద పోటీ చేస్తున్న సొంత మేనల్లుడి బోర్డు," కారెక్కాక అన్నాడు డ్వేన్. "ఇటు ఓట్లు పోయాయి, అటువి ఎలాగూ రావు. ఇవాళ్టికి మంచి ప్రచారం చేశావు."

మంగళవారం మార్లిస్ పదిహేడు ఓట్లతో గట్టెక్కింది.

మర్నాడు పొద్దున కిరాణా కొట్లో, చీజ్ బల్ల దగ్గర, బెర్నడీన్ తన సరుకుల బండి అడ్డం పెట్టింది. "ఆ పదిహేడులో నన్ను కలపకండి జడ్జిగారూ. నేను మీకు వెయ్యలేదు."

"కలపను."

"ఆర్విల్ వాకిట్లో మీ బోర్డు చూసి, వేరే జడ్జి కావాలని మా లాయరు చేత కాగితం రాయించాను. ఇవాళే గడువు."

"బెర్నడీన్, కేసు సంగతి నాతో..."

"కేసు కాదమ్మా, కాగితం సంగతి. ఆదివారం ఆ బోర్డు పీకడానికి మీరు పడ్డ అవస్థ కిటికీలోంచి చూశాను. కాగితం చింపేయమని లాయరుకు చెప్పాను. చెంబెడు వేడినీళ్లు పోస్తే ఊడొచ్చేదిగా, ఆ మాత్రం తెలీదూ?"

బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

వచ్చే వారం తీర్పు ఆవిడకే చేదు కావచ్చు, ఆర్విల్‌కే కావచ్చు. ఎవరికైనా, అది చెప్పేది మాత్రం తనే. మార్లిస్ ఏం కొనడానికి వచ్చిందో మరిచిపోయి, ఎదురుగా కనిపించిన చీజ్‌ను పెద్ద ముక్క కోయించుకుంది.