ముందే పడ్డ టిక్కు

ములకలపల్లి దాటాక తారురోడ్డు అయిపోయిన చోట బస్సు దిగి, జైరాం బ్యాగు భుజానికి తగిలించుకుని బండిబాట పట్టాడు. బ్యాగులో లాప్‌టాప్, ఓ బిస్కెట్ ప్యాకెట్. వాటి బరువు ఎంతని. మోతీలాల్ అప్పజెప్పి పంపిన మాట ఒకటుంది, అదే మోయలేకుండా ఉంది.

జైరాంది తల్లాడ అవతల తండా. ఖమ్మంలో బస్టాండు వెనక మేడమీద మోతీలాల్ నడిపే చిన్న ఆఫీసులో ఫోన్లకు యాప్‌లు రాస్తాడు. మోతీలాల్ వరసకు అన్న, పైగా ఉద్యోగం ఇచ్చినవాడు. ఎదురు చెప్పే అలవాటు జైరాంకు లేదు. వాళ్లు చేసిన యాప్‌లలో ఒకటి అడవిలో గుంపులనే చిన్న చిన్న ఊళ్లలోని గర్భిణుల కోసం. నొప్పులు మొదలైతే ఆ ఊరి ఆశా కార్యకర్త 'బండి కావాలి' అన్న బటన్ నొక్కాలి. ఆ కబురు అందితే దవాఖానా నుంచి జీపు బయలుదేరుతుంది.

కబురు మోసే పని తెర వెనక జరుగుతుంది. అక్కడ ఓ పనివాడున్నాడనుకోండి. వాడు కబురు పట్టుకుపోయి, తిరిగొచ్చి, 'ఇచ్చిన' అనో, 'దారి దొరకలే, ఇయ్యలేకపోయిన' అనో చెప్పాలి. చెప్పేదాకా తెరమీద చక్రం తిరుగుతూ ఉండాలి. చెప్పాకే ఆకుపచ్చ టిక్కు పడాలి. ఇది జైరాంకు తెలియక కాదు, మొదట అట్లాగే రాశాడు కూడా. అయితే అధికారుల ముందు చూపించిన రోజున నెట్ నత్తనడక నడిచింది. చక్రం తిరిగీ తిరిగీ చూసేవాళ్లకు కళ్లు తిరిగాయి. బయటికొచ్చాక మోతీలాల్ మండిపడ్డాడు.

"గా చక్రం తీసెయ్‌రా. నొక్కంగనే టిక్కు పడాలె."

"కబురు పోకపోతే ఎట్లన్నా?"

"సిగ్నల్ రాంగనే పోతది తియ్."

జైరాం తీసేశాడు. పనివాడు గడప దాటీ దాటగానే టిక్కు పడేట్టు రాశాడు. వాడు తిరిగొచ్చి ఏం చెప్పినా వినే చెవి లేకుండా చేశాడు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాడు. ఆ 'తర్వాత' అనే రోజు ఏ క్యాలెండర్లోనూ ఉండదని అందరికీ తెలుసు, అయినా అందరం అంటూనే ఉంటాం.

మొన్నీమధ్య ముసురు పట్టినప్పుడు ఇక్కడి కోయగుంపులో వనజకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. ఆశా కార్యకర్త కన్నమ్మ బటన్ నొక్కింది, టిక్కు పడింది. అప్పటికే వనజ మామ బొజ్జయ్య మంచానికి తాళ్లు కట్టి, మోయడానికి మనుషుల్ని పిలిచి ఉంచాడు. టిక్కు చూసి మంచం కిందికి దించేశారు.

ఎందుకు దించారంటే, ఆ ఊరి నుంచి రోడ్డుకు రెండు దారులున్నాయి. మనుషులు నడిచేది గుట్టమీది అడ్డదారి, బండి వచ్చేది వాగు చుట్టూ తిరిగే బాట. వీళ్లు గుట్టెక్కితే జీపువాళ్లు ఖాళీ ఇంటికొస్తారు. అందుకే అడవిలో తాతల కాలం నుంచి ఒక కట్టడి ఉంది. వస్తానన్న మనిషి వచ్చేదాకా ఉన్నచోటు కదలకూడదు. బండి వస్తున్నానంది, వీళ్లు కదల్లేదు. వాన చూస్తూ, హారన్ కోసం చెవులు రిక్కించి పొద్దుగూకేదాకా కూర్చున్నారు. చివరికి ఉండబట్టలేక మంచం ఎత్తుకున్నారు. వనజ బతికింది. బిడ్డ బతకలేదు.

మర్నాడు కన్నమ్మ ఫోన్‌కు సిగ్నల్ తగిలింది. ఎక్కడో ఇరుక్కున్న కబురు అప్పుడు పోయింది. బిడ్డను వాగు ఒడ్డున పూడ్చి ఇంటికొస్తున్న వాళ్లకు జీపు ఎదురొచ్చి హారన్ కొట్టింది.

ఆ డ్రైవర్ ఫోన్ చేసి ఆఫీసును తిట్టినప్పుడే జైరాంకు సంగతంతా అర్థమైంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మోతీలాల్ మాత్రం ఆడలేక మద్దెల ఓడన్నట్టు కొత్త కథ అల్లాడు. 'ఆమె అంతకుముందు ఎప్పుడో పడ్డ పాత టిక్కు చూసి కొత్తదనుకున్నది. బటన్ మర్నాడే నొక్కింది. గదే చెప్పి, ఫోన్ల కొత్త యాప్ ఏసి రా' అన్నాడు. పై అధికారులకూ అదే చెబితే నమ్మేశారు. కన్నమ్మను పనిలోంచి తీసేస్తారని మాట వినిపిస్తోంది. జైరాం మోసుకొచ్చింది ఈ కథనే.

కన్నమ్మ ఇంటిముందు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. చెంబుతో నీళ్లు, గిన్నెలో అంబలి పెట్టింది. నలభై దాటిన మనిషి, ఫోన్ కొంగున మూటగట్టుకుని తిరుగుతోంది.

"తాగు సారూ, ఎండల నడిసొచ్చినవ్."

జైరాం నీళ్లు తాగి, అంబలి గిన్నె పక్కన పెట్టాడు. ఇంతలో బొజ్జయ్య వచ్చి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. బిడ్డ పోయినప్పటి నుంచి ఆయన కన్నమ్మ వాకిట్లో కాలు పెట్టలేదట. పట్నం సారు ఏం చెబుతాడో విందామని వచ్చాడు. ఇద్దరూ కోయలో ఏదో అనుకున్నారు. జైరాంకు అర్థమైంది ఒక్క 'టిక్కు' అన్న మాటే. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాడు.

కన్నమ్మ ఫోన్ విప్పి చేతికిచ్చింది.

"నా కండ్లదే తప్పు కావచ్చు సారూ. ఆమె అరుస్తుంటె చేతులు వణికినయ్. నొక్కిన్ననే అనుకున్న. పాత టిక్కే సూసిన్నో ఏమో. దవాఖానా మేడం గట్లనే అన్నది. ఊళ్లె గూడ అంటున్నరు. ఇప్పుడు నాక్కూడ గట్లనే అనిపిస్తున్నది."

ఆమె అబద్ధం ఒప్పుకుంటోంది, అదీ తనమీదే పడే అబద్ధం. 'అవునక్కా, గట్లనే అయి ఉంటది' అంటే చాలు, జైరాం ఖమ్మం పోయి హాయిగా పడుకోవచ్చు. నోరు తెరిచాడు కూడా. అంబలి గిన్నెలో ఈగ పడుతుందని కన్నమ్మ పళ్లెం మూత పెట్టింది. ఆ చెయ్యి చూశాక మోతీలాల్ మాట బయటికి రానంటే రానంది.

"అక్కా, నువ్వు నొక్కినవ్. నువ్వు సూసింది కొత్త టిక్కే. తప్పు నాది."

కన్నమ్మకు బోధపడలేదు. జైరాం చక్రం సంగతి, పనివాడి సంగతి వాళ్ల మాటల్లోకి దించి చెప్పాడు. అంతా విని బొజ్జయ్య మెల్లగా అడిగాడు.

"అంటే, బండి రాదని గా ఫోన్‌కు ఎరికేనా?"

"ఎరికే పెద్దయ్యా. ఎనక ఉన్న పనోనికి ఎరికే. ముంగటికొచ్చి చెప్పే తొవ్వ నేనే మూసిన."

"మరి మేమెందుకు కూసున్నం?"

బొజ్జయ్య తల దించుకుని తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. ఆ చేతులే మంచం దించాయి.

"నా కండ్లు తప్పు సూడలే?" అని కన్నమ్మ మళ్లీ అడిగింది.

"లేదక్కా. గీ మాట పై సార్ల ముంగట గూడ చెప్తా. రాసిస్తా."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, లేకపోతే తిడుతుందనుకున్నాడు. ఆమె లేచి కొంగు బిగించింది.

"నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినామె ఆ ఇంట్ల ఉన్నది. నడు."

జైరాం బ్యాగు తగిలించుకుని ఆమె వెనక నడిచాడు. వనజను చూడాల్సి వస్తుందని ఖమ్మంలో బస్సెక్కినప్పుడు అనుకోనే లేదు, అనుకోకుండా జాగ్రత్తపడ్డాడు.

వనజ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పాలు ఆగడానికి రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది. జైరాం చెల్లెలి ఈడు పిల్ల. కన్నమ్మ చెప్పమన్నట్టు చూసింది. అతను మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి మాటలు తక్కువే పట్టాయి.

వనజ చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది.

"తీసెయ్‌మన్నదెవరు?"

మోతీలాల్ పేరు నాలుక చివరికొచ్చింది.

"చెప్పినోళ్లున్నరు. తీసింది నేనే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత పళ్లెం పక్కకు జరిపి లేచింది.

"ఆగు. వస్త," అని తడిక తోసుకుని లోపలికి పోయింది.

తిట్టడానికి వస్తుందో, కొట్టడానికి వస్తుందో, బిడ్డకు కుట్టించిన చొక్కా తెచ్చి ముఖాన కొడుతుందో తెలియదు. అసలు వస్తుందో రాదో తెలియదు. కన్నమ్మ తన ఇంటికి వెళ్లిపోయింది. బొజ్జయ్య వచ్చి వాకిలి అవతల నిలబడ్డాడు. దూరంగా రోడ్డుమీద సాయంత్రం బస్సు హారన్ కొట్టింది.

"గదే ఆఖరిది," అన్నాడు బొజ్జయ్య. ఉండమనలేదు, పొమ్మనలేదు.

జైరాం బ్యాగు దించి ఆ వాకిట్లోనే నేలమీద కూర్చున్నాడు. వస్తానన్న మనిషి ఇంకా రాలేదు.