ఏరువాక సున్నలు

వాన కొలవడం నా పని. నందికొట్కూరు దారిలో ఒక ట్రస్టువాళ్ళ విత్తనాల పరిశోధన క్షేత్రం ఉంది. దాని వెనక కంచెలో ఒక ఇనుప గొట్టం పాతి ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీళ్ళు గాజు గ్లాసులో పోసి, గీత చూసి, అంకె పుస్తకంలో రాస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే. మూడో తరగతితో బడి మానేసినవాడికి అంతకంటే ఏం పని ఇస్తారు. అంకెలు మాత్రం గుండ్రంగా రాస్తాను.

ఈ కథ చెప్పాలని లేదు. చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పద్మశ్రీ అని ఒక ఇంజనీరు ఉండేది. సిద్ధవటం పక్క మాధవరం పిల్ల, మగ్గం నేసేవాళ్ళ ఇల్లు. బెంగుళూరులో పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలి, శాస్త్రవేత్తలకు కావలసిన ప్రోగ్రాములు రాస్తానని ఇక్కడికి వచ్చి పన్నెండేళ్ళయింది. ఆకు ఫోటో తీస్తే తెగులు మచ్చలు లెక్కబెట్టేది ఒకటి చేసింది. మట్టిలో తడి ఎంతుందో చెప్పేది ఒకటి చేసింది. వాటి మీద వచ్చిన వ్యాసాల్లో మునీంద్ర సారు పేరు మొదట ఉంటుంది. ఆమె పేరు చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆమె నవ్వి ఊరుకునేది. నాకు ఒళ్ళు మండేది.

మునీంద్ర సారు క్షేత్రానికి పెద్ద. చెప్పులకు మట్టి అంటకుండా పొలం చూసి వచ్చే మనిషి.

రెండేళ్ళు కూర్చుని ఆమె నా పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. శెనక్కాయ విత్తనం ఎప్పుడు వేయాలో రైతుల ఫోన్లకు చెప్పే ప్రోగ్రాం తయారు చేసింది. తొలి వానకు నేల తడిసిన మొదటి పదునుకే వేయండి, వెంటనే రెండో వాన ఉంది అని అది చెప్పింది. మా రైతులు రెండో వాన చూసిగానీ విత్తే గొర్రు కట్టరు. ఆ పాత అలవాటు తప్పు అని సారు ఒక పుస్తకం అచ్చు వేయించాడు. సభకు రోజు కుదిర్చాడు. ఆ వారంలోనే మొదటి పదునైంది. కొందరు రైతుల ఫోన్లకు మెసేజీ పోయింది.

సభకు రెండు రోజుల ముందు పద్మశ్రీ వచ్చి కంచె పక్క రాయి మీద కూర్చుంది.

"పెద్దనాయనా, సభలో నీ గురించి రెండు మాటలు చెప్పాల. ఏరువాక దినాల్లో సెలవు పెట్టి నీ చేని పనికి పోతావు కదా, నీ చేను యాడుండాది?"

"నాకు చేనా? సెంటు భూమి లేదు పాపా."

"మరి ఆ దినాల్లో బుక్కులో శానా ఖాళీలుండాయి. యాడికి పోయినావు?"

"యాడికీ పోలే. రోజూ ఈడనే ఉంటి."

"ఉంటే అంకె ఏదీ?"

"వాన లేదు. ఏం రాయల్ల?"

"సున్న రాయల్ల! మిగతా నెలలన్నీ రాసినావు కదా!"

చెప్పాను. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మా నాయన మొదటి మానికను ఒకటి అనడు, లాభం అంటాడు. విత్తనం పడే దినాల్లో వాన పక్కన సున్న పెడితే వాన అలుగుతుందని చెప్పింది కూడా ఆయనే. అందుకే ఏరువాక మొదలు విత్తనం పడేదాకా, వాన లేని రోజు తేదీ మాత్రం వేసి వదిలేస్తాను. నాకు పని నేర్పిన పాత సారుకు ఈ సంగతి తెలుసు. ఆయన పోయాడు. తర్వాత ఎవరూ అడగలేదు.

ఆమె తెల్లబోయింది. ఖాళీ కనపడితే నేను ఆ రోజు కొలవలేదని అనుకుని, ముందు కురిసిన వానను, తర్వాత కురిసిన వానను చూసి మధ్యలో ఒక అంకె పెట్టేలా ప్రోగ్రాం రాసిందట. వట్టి ఎండలు కాసిన దినాల్లో కంప్యూటర్ వాన కురిపించింది.

"పోగు తెగితే మా నాయన మగ్గం నిలిపి యాడ తెగిందో ఎతికేవాడు," అంది. "నేను లేని పోగును నేసినా పెద్దనాయనా. నిన్ను ఒక్క మాట అడగలే."

నేనూ ఒక్క మాట చెప్పలేదు. ఇద్దరం లేచి సారు గదికి పోయాం.

సారు బాదం పప్పు నములుతున్నాడు. ఆమె చెబుతుంటే విన్నాడు. నమలడం ఆపలేదు.

"ఇరవై ఆరేళ్ళలో పంతొమ్మిదేళ్ళు, మొదటి పదును తర్వాత మూడు వారాలు చుక్క లేదు సార్. ఇప్పుడు ఏస్తే మొలక మాడిపోతాది. మెసేజీలు ఆపేద్దాం."

"పుస్తకం అచ్చయిపోయిందమ్మా. పైవాళ్ళు వస్తాండారు. సభ కానీ. వచ్చే ఏడు సరిచేద్దువులే."

"ఈ ఏడు ఏసినోళ్ళ గతి?"

"ఈ ఏడు వాన రావచ్చు కదా! నువ్వేమన్నా వానదేవుడివా?" అని నవ్వి నా వైపు తిరిగాడు. "ఏమప్పా బసవన్నా, నీకు శాలువా ఏ రంగుది తేవాల?"

బాదం పొట్టు ఆయన పెదవికి అంటుకుని ఉంది. రోత పుట్టి బయటికి వచ్చేశాను.

సభ కల్లూరులో ఒక కల్యాణ మండపంలో జరిగింది. మూడు వందల మంది రైతులు వచ్చారు. ముందుగా నాకు శాలువా కప్పారు. ప్లాస్టిక్ కవరు కంపు కొట్టింది. తర్వాత పద్మశ్రీకి మైకు ఇచ్చారు.

"మీ ఫోన్లకు మెసేజీ పంపే ప్రోగ్రాం రాసింది నేనే," అంది. "అది తప్పు. మొదటి పదునుకే ఏయొద్దండి. రెండో వాన చూసుకోండి, మీరు ఎప్పుడూ చేసేదే."

వెనక నుంచి ఒకడు, "అయితే ఈ పుస్తకం దేనికప్పా, మిరపకాయ బజ్జీలు కట్టుకోనీకా?" అన్నాడు. అందరూ నవ్వారు.

సారు మైకు లాక్కున్నాడు. "ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. తప్పంతా ఈ పెద్దాయనది. చదువు లేదు పాపం. సున్న రాయడం రాదు ఆయనకు."

మళ్ళీ నవ్వారు. పైనుంచి వచ్చినవాళ్ళూ నవ్వారు. ఆ శాలువా ఇంకా నా భుజాల మీదే ఉంది. అలాగే దిగి వచ్చేశాను. ఆ వేదిక మీద నేను మాట్లాడదగిన మనిషి పద్మశ్రీ ఒక్కతే, ఆమెకు చెప్పాల్సింది ఏమీ లేదు.

బయట ఏసేపు కాచుకుని ఉన్నాడు. మా క్షేత్రం కంచెను ఆనుకుని అతని చేను.

"బసవన్నా, నేను నాలుగు దినాల కిందటే ఏసేసినా. నాలుగెకరాలు."

"రెండో వాన చూడకుండా ఎందుకేసినావప్పా?"

"ఫోను చెప్తే ఏసేటోన్ని కాదు. బసవన్న ఇరవై ఆరేండ్ల బుక్కు లెక్క అని అందులో ఉండె. నీ లెక్క తప్పదని ఏసినా."

శాలువా తీసి చంకలో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పద్మశ్రీ ఎవరినీ అడక్కుండా మెసేజీలు ఆపేసింది. మరుసటి రోజు ఆమెను పనిలోంచి తీసేశారు. పన్నెండేళ్ళ సామాను ఒక్క సంచిలో పట్టింది. మైదుకూరు బస్సు ఎక్కే ముందు కంచె దగ్గరికి వచ్చింది.

"పెద్దనాయనా, ఇంక మీద సున్న పెట్టు."

"వాన అలుగుతాది పాపా."

"ఇన్నేండ్లు పెట్టకపోతే మాత్రం ఏం వచ్చింది?"

ఆమె పోయాక గ్లాసు చూశాను. పొడిగా ఉంది. పెన్సిలు ముక్కుకు ఉమ్మి తడి చేసుకుని, ఏరువాక దినాల్లో మొదటిసారి, సున్న పెట్టాను. నోరంతా చేదైంది.

సారు పుస్తకం ఇప్పటికీ ఊరూరా పంచుతున్నారు. ఆయన గదిలో కొత్త ఫోటో కట్టారు, నాకు శాలువా కప్పుతున్నది. ఆ శాలువాతో నేను గొట్టం మీద దుమ్ము తుడుస్తున్నాను.

ఈ రోజుకు పదకొండు సున్నలు. ఏసేపు చేని గట్టు మీదుగానే నేను గొట్టం దగ్గరికి పోవాలి. మొలకలు తలలు వాల్చేశాయి. అతను గట్టు మీద కూర్చుని ఉంటాడు. తిడితే బాగుండు. తిట్టడు.

"ఏమప్పా, ఈ పొద్దెంత?"

"సున్న."

"రాసినావా?"

"రాసినా."