జంటకూత

చెవిలో చెప్పాల్సిన మాటని కూడా వీధి చివరికి వినబడేట్టు చెప్పే ఇల్లు అది. దిగిన పూటే బుల్లికి ఆ సంగతి అర్థమైంది.

"పిల్ల బొత్తిగా చిక్కిపోయిందే!" అని గుమ్మంలోంచి బాబాయి కేకేశాడు.

"చిక్కదూ మరి, హాస్టలు తిండాయె!" అని వంటింట్లోంచి పిన్ని అందుకుంది.

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క గది. ఆ గదిలో, ఆ రెండు కేకలకీ మధ్య, సూట్‌కేసు పట్టుకుని బుల్లి నిలబడి ఉంది.

వాళ్లని మాత్రం ఏమనగలం? ఇద్దరూ ప్లైవుడ్ మిల్లులో పనిచేస్తారు. లారీ దిగిన దుంగని క్రేనుతో లేపి యంత్రానికి అందించడం బాబాయి పని. పెన్సిలు చెక్కినట్టు ఆ యంత్రం దుంగని పొరలు పొరలుగా చెక్కేస్తుంది. ఆరిన పొరల్లో చిల్లులున్నవీ చీలినవీ ఏరి పక్కన పడేయడం పిన్ని పని. ఆమె ఉండేది షెడ్డు అవతలి కొసన. ఇన్నేళ్లు ఆ రొదలో నానేసరికి ఇద్దరికీ చెవులు మొద్దుబారాయి. మిల్లువాళ్లిచ్చిన రేకుల ఇళ్లు కూడా మిల్లు గోడని ఆనుకునే ఉన్నాయి. ఆ వరస ఇళ్లలో గుసగుస అనేదే లేదు. మొగుడూ పెళ్లాల రహస్యాలు కూడా అందరి ఉమ్మడి ఆస్తే.

అలాంటి ఇంటికి, దేశంకాని దేశానికి, బుల్లి ఎందుకొచ్చిందయ్యా అంటే, ఒక పిట్ట కూత కోసం.

ఆ పిట్ట పేరే జంటకూత. మగది ఒక దిక్కు నుంచి మొదలుపెడితే ఆడది ఇంకో దిక్కు నుంచి ముగిస్తుంది. రెండూ కలిస్తేనే కూత పూర్తవుతుంది. బుల్లి చదివేది పక్షుల చదువు. దీవుల్లో జరిగే సర్వేకి కాలేజీలో ఒక్కళ్లనే తీసుకెళ్తానంది గైడు మేడమ్. పోటీలో మిగిలింది బుల్లీ, క్లాసులో అందరూ కళ్లజోడు అని పిలిచే ఒక కుర్రాడూ. "జంటకూతని నీ చేత్తో రికార్డు చేసుకురా. రెండు గొంతులూ ఉండాలి, ఇంకో చప్పుడు ఉండకూడదు. తెచ్చావా, సీటు నీదే" అంది మేడమ్. ఎండా వానా పోటీపడే ఈ కొండలే ఆ పిట్ట ఉండే చోటు. కొండల కింద పిన్ని ఉంది. ఇంకేం, కలిసొచ్చిందనుకుంది పిచ్చిపిల్ల.

"రేపు తెల్లారగట్ట నేనొక్కదాన్నే అడవికి వెళ్లొస్తా పిన్నీ."

"ఒక్కదానివా!" పిన్ని చేతిలో గరిట గాల్లోనే ఆగిపోయింది. "ఏదైనా అయితే మా అక్క మొహం చూడగలనా నేను? మీ బాబాయీ నేనూ సెలవు పెట్టింది ఎందుకనుకున్నావు?"

సెలవు పెట్టారన్న మాట వినగానే బుల్లి గుండెల్లో రాయి పడింది.

భయపడ్డట్టే అయింది. మొదటి ప్రయాణానికి బాబాయి మిల్లు వ్యాను అడిగి తెచ్చాడు. అందులో చాపలు, అన్నం క్యారియరు, ఫ్లాస్కు, గొడుగులు, పిన్ని నడుం నొప్పికి ఒక దిండు. ఇవన్నీ సర్దాక మైకు పెట్టడానికి చోటు లేక బుల్లి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొండ ఎక్కకముందే కుండపోతగా వాన కురిసింది, వ్యాను బురదలో కూరుకుపోయింది. ఆ రోజంతా దాన్ని నెట్టడంతోనే సరిపోయింది. బుల్లి వెనకనుంచి నెడుతుంటే చక్రం గిర్రున తిరిగి బురదంతా ఆమె మొహాన కొట్టింది. "సరదాగా ఉంది కదే!" అన్నాడు బాబాయి స్టీరింగు దగ్గర్నుంచి.

రెండోసారి వాగు దాటి లోపలికి వెళ్లారు. మైకు సర్ది ఊపిరి బిగబట్టుకుని కూర్చుందో లేదో, పిన్ని తన పిక్క వైపు చూసుకుంది. జలగ! ఆమె పెట్టిన కేకకి ఆ చుట్టుపక్కల రెక్కలున్న ప్రాణి ఒక్కటీ మిగల్లేదు. ఆ జలగ కూడా భయపడి ఊడి పడిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు బాబాయి.

మూడోసారి ఏ గొడవా లేకుండా గడిచిపోతోంది. దూరంగా ఏదో కూత మొదలైనట్టే ఉంది. సరిగ్గా అప్పుడే బాబాయి జేబులో ఫోను మోగింది. మోగితే మోగింది, తీసి నొక్కేయొచ్చు కదా! "హలో! ఆఁ, అడవిలో ఉన్నా! అడవి! అ-డ-వి! పిట్టలండీ! మాట్లాడకూడదు ఇక్కడ!"

బుల్లి తల కొట్టుకుంది. నిజంగానే, చెట్టుకేసి.

సాయంత్రం ఇంటికొచ్చాక మూతి ముడుచుకుని కూర్చున్న పిల్లని చూసి ఇద్దరికీ పాపం అనిపించింది. "చెప్పు తల్లీ, ఎలా ఉండమంటే అలా ఉంటాం" అన్నాడు బాబాయి.

"ఫోన్లు ఇంట్లోనే పెట్టి రావాలి. అడవిలో ఒక్క మాట మాట్లాడకూడదు. ఒక్క మాట! మీరిద్దరూ పక్కపక్కన కూర్చుంటే నోరు ఆగదు కాబట్టి చెరో వైపూ కూర్చోవాలి. ఒప్పుకుంటేనే రండి."

"ఇంతేనా? నోరు విప్పితే ఒట్టు" అన్నాడు బాబాయి. పిన్ని కూడా బుల్లి చెయ్యి మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది.

మర్నాడు బాబాయిని దిగువన కాలిబాట దగ్గరా, పిన్నిని వాగవతల బండ మీదా కూర్చోబెట్టి, తను మధ్యలో పొదల చాటున మైకు పెట్టుకుంది. ఆకుల మీంచి చుక్కలు రాలుతున్నాయి. ఎంతసేపైందో తెలీదు. ఉన్నట్టుండి ఎడమ వైపు నుంచి, కింద మొదలై పైకి లేచి చివర చిన్న తోకలా వంగే కూత. బుల్లి ఒళ్లు ఝల్లుమంది. అది ఆగగానే కుడి వైపు నుంచి టకటకమని పొట్టిపొట్టిగా జవాబు. జంటకూత! కాలేజీలో విన్న పాత రికార్డుకీ దీనికీ కాస్త తేడా ఉంది. ఉంటే ఉంది, మనుషులకి యాసలున్నట్టే కొండకో యాస ఉండదా పిట్టలకి?

ఆ సాయంత్రమే మేడమ్‌కి పంపించింది. జవాబు చిటికెలో వచ్చింది. "అద్భుతం. రెండూ రెండు దిక్కుల నుంచి ఇంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. యాస కొత్తగా ఉంది, దీని మీద విడిగా పేపరు రాయొచ్చు. నీ పేరే పంపుతున్నా."

బుల్లి పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పింది. "నోరు మూసుకుంటే ఎంత పుణ్యమో చూశావా!" అన్నాడు బాబాయి గర్వంగా.

సెలవు అయిపోయి మర్నాడు ఇద్దరూ పనిలోకి వెళ్లారు. మధ్యాహ్నం బుల్లి క్యారియరు పట్టుకుని మిల్లు గేటు దాటి షెడ్డు గుమ్మంలో నిలబడింది. లోపల రొద చెవుల్లోంచి దూరి పళ్లదాకా వణికిస్తోంది. రంపపు పొట్టు ఎండలో మెరుస్తూ తేలుతోంది. పైన క్రేను పెట్టెలో కూర్చున్న బాబాయి ఆమెని చూశాడు. చూసి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

కింద మొదలై, పైకి లేచి, చివర చిన్న తోకలా వంగే ఈల.

షెడ్డు అవతలి కొస నుంచి, పొరల గుట్టల వెనక నుంచి, టకటకమని పొట్టిపొట్టిగా జవాబు.

బుల్లి చేతిలో క్యారియరు జారింది. మూత ఊడి అన్నం రంపపు పొట్టులో పడింది.

భోజనాల గంట కొట్టి యంత్రాలు ఆగాక ఆ ఈలలేమిటని అడిగింది.

"అదా? మా ఇద్దరి ఈల, వేళని బట్టి అర్థం. ఇప్పుడు 'అన్నం వచ్చింది, దిగుతున్నా' అన్నా. 'వస్తున్నా, ఆగు' అంది మీ పిన్ని" అన్నాడు బాబాయి. "ఈ గోలలో నోటి మాట వినబడి చస్తుందా? అందరం ఈలలే. దుంగ వస్తోందంటే ఒకటి, బెల్టు జారిందంటే ఒకటి. అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది, ఆపకుండా సాగదీస్తాం. మనిషికి ముప్పు, అన్నీ ఆపండి అని. అది వేస్తే మేనేజరైనా మారు మాట్లాడడు."

"అడవిలో కూడా వేశారా?"

"మాట్లాడొద్దన్నావుగా? మాట్లాడామా?" పిన్ని అడ్డొచ్చింది. "మీ బాబాయి ఫ్లాస్కులో కాఫీ ఉందా అన్నాడు, ఉందన్నా. అంతే!"

బుల్లికి ఒళ్లు మండిపోయింది. అరుద్దామంటే ఏమని అరవాలి? చెప్పిందల్లా తు.చ. తప్పకుండా చేశారు. చెరో వైపూ కూర్చోబెట్టిందీ తనే. పేపరు రాయాల్సిన కూత కాఫీ గురించి!

ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈ కొండలకి మేడమ్ వస్తుందా, ఈ మిల్లు గుమ్మంలో నిలబడుతుందా? రాదు. కానీ ఆవిడ ఆ కాఫీ సంభాషణ మీద పేపరు రాసి పదిమందిలో వినిపిస్తూంటే, పక్కన కూర్చుని తను తలూపాలి. అది తనవల్ల కాదు. ఫోను చేసింది.

మేడమ్ అంతా వింది. "రేపు మధ్యాహ్నానికి పేరు పంపాలి. అప్పటికి అసలుది ఉంటే పంపు. లేకపోతే కళ్లజోడు పేరు పంపేస్తా" అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఇంకా ఎవరూ లేవకముందే బుల్లి మైకు సంచీ తగిలించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా బయటపడింది. వాళ్లు లేచేలోపు వచ్చేద్దామని ఒక్క మాటా చెప్పలేదు. వ్యాను లేదు కాబట్టి మిల్లు వెనక కొండే దిక్కు. రాత్రి కురిసిన వానకి బాటంతా జారుడుబల్లలా ఉంది. ఒకచోట మోకాళ్ల మీద పడింది, ఇంకోచోట పట్టుకున్న కొమ్మ ఊడి చేతికొచ్చింది. పైకెక్కేసరికి తెల్లారిపోయింది. అయితేనేం, మొదటిసారి ఒక్కత్తే ఉంది. పిలిచేవాళ్లు లేరు, తినమనేవాళ్లు లేరు. ప్రాణం హాయిగా ఉంది.

అప్పుడు కనిపించింది పిట్ట. ఎదురు కొమ్మ మీదే, గోధుమరంగు పొట్ట ఉబ్బించి, ముక్కు తెరిచి. బుల్లి గబగబా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. వినబడింది ఏమిటీ? మిల్లు! కింద నుంచి ఆ రొద కొండంతా ఆవరించింది. పిట్ట ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, కూత మాత్రం ఆ హోరులో ఉప్పులా కరిగిపోతోంది. కళ్ల ముందు పిట్ట, చెవుల నిండా దుంగలు. బుల్లికి ఏడుపొచ్చింది.

ఆ హోరులోంచే సన్నగా ఇంకోటి వచ్చింది. ఈల. కింది నుంచి, ఆపకుండా, సాగదీసి. ఎవరిదో వేరే చెప్పాలా? పక్క ఖాళీగా కనిపించి ఉంటుంది, గుమ్మం బయట బురదలో అడుగులు కనిపించి ఉంటాయి. మళ్లీ ఈల. ఈసారి దుంగలు దించే చోట ఎవరో దాన్ని అందుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి షెడ్డులో ఇంకెవరో. మనిషికి ముప్పు, అన్నీ ఆపండి.

మిల్లు ఆగిపోయింది.

ఒక్కో యంత్రం మూలిగి మూలిగి చల్లారింది. ఆ తర్వాత కొండ మీద పరుచుకున్న నిశ్శబ్దం లాంటిది బుల్లి పుట్టాక వినలేదు. ఆకు మీంచి చుక్క జారడం కూడా మైకులో పడుతోంది. కొమ్మ మీది పిట్ట తల పక్కకి వంచి, పొట్ట ఉబ్బించి, కూసింది. గొంతులో తడి ఉన్న కూత. దాని పక్కన బాబాయి ఈల ఉత్త గాలి. రికార్డరు ఎర్రదీపం వెలుగుతోంది. మగది అయిపోయింది. ఇక ఆడది జవాబివ్వాలి. ఒక్క నిమిషం, అంతే. ఒక్క నిమిషం ఎవరూ నోరు మెదపకపోతే చాలు.

కింద బాటలో మళ్లీ ఈల మొదలైంది. మొదలై, మధ్యలో పగిలిపోయింది. ఊపిరి అందడం లేదు మనిషికి. ఈల రానప్పుడు గొంతే వచ్చింది. "బుల్లీ..." అని. ఎప్పుడూ ఊరు దద్దరిల్లేలా అరిచే మనిషి, పక్కవాళ్లకి కూడా వినబడనంత చిన్నగా పిలిచాడు. ఆ నిశ్శబ్దంలో కాబట్టి వినబడింది.

బుల్లి పళ్లు కొరికింది. పిట్టని చూసింది. ఎర్రదీపాన్ని చూసింది. ఇద్దరినీ, మిల్లునీ, ఈలలు కనిపెట్టిన ప్రతివాణ్ణీ మనసారా తిట్టుకుంది.

"ఇక్కడున్నా బాబాయ్! నాకేం కాలేదు! ఇక్కడున్నా!"

పిట్ట ఎగిరిపోయింది.

కాసేపటికి బాబాయి రొప్పుకుంటూ పైకొచ్చాడు. లుంగీ మోకాళ్లదాకా బురద. వెనకే పిన్ని, ఒక కాలికి చెప్పులేదు. వచ్చీరాగానే బుల్లి వీపు మీద ఒక్కటి వేసి, ఆ చేత్తోనే కావలించుకుని బావురుమంది. బాబాయి బండ మీద కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక కిందికి తిరిగి పొట్టిగా ఒక ఈల వేశాడు. దొరికిందని. కాసేపటికి మిల్లు మళ్లీ మూలుగుతూ లేచింది.

"ఇంతకీ వచ్చిందా పిట్ట?" అన్నాడు.

"వచ్చింది. దాని వెనకే మీరూ వచ్చారు."

ఉన్నదున్నట్టు మేడమ్‌కి పంపింది. ముందు మగపిట్ట, తర్వాత తన కేక. జవాబు మధ్యాహ్నం వచ్చింది. "మగగొంతు బాగుంది. కానీ ఆడది లేదు, పైగా నీ కేక. పేరు పంపేశా, కళ్లజోడుది." అంతే. ఓదార్పు లేదు, తిట్టూ లేదు.

సాయంత్రం బస్సు ఎక్కేదాకా బుల్లి ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పిన్ని సంచీలో ఏవో కుక్కుతుంటే వద్దనలేదు, చాలనలేదు. కోపం చల్లారలేదు మరి, చల్లారిందని అబద్ధం ఎందుకు? బస్సు కదిలాక, కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాక, వెనక నుంచి వచ్చింది. కింద మొదలై, పైకి లేచి, చివర వంగే ఈల. బస్సులో అందరూ తలలు తిప్పారు.

జవాబుకి కాసేపు చోటు వదిలాడు బాబాయి. పిన్ని వేయలేదు. బుల్లినే చూస్తోంది.

బుల్లి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది. ఉత్త గాలీ, ఉమ్మీ తప్ప ఏమీ రాలేదు.

"ఏమంటున్నావే? వినబడలా!" పిన్ని పరుగెత్తుకుంటూ అరిచింది.

"ఏమో! నాకింకా రాలేదు!" కిటికీలోంచి సగం బయటికి వంగి బుల్లి అరిచింది, వీధి చివరికి వినబడేట్టు.