తడి వేలు

ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో కోడలు కంటితో చూసి చెప్పదు. వేలు నీళ్లలో ముంచి పెట్టె అడుగున ఇలా తాకించి అలా తీస్తుంది. చుయ్‌మంటే చొక్కా పరుస్తుంది. వాళ్ల ఇస్త్రీ కొట్టు ఇన్నేళ్లూ ఆ చుయ్ మీదే నడిచింది.

అత్తగారి అరచేతులకీ అలాంటి వేడే ఉండేది, పుట్టుకతో. వీధిలో ఎవరికి నడుం పట్టినా వచ్చి వీపు అప్పగించేవాళ్లు. ముసురు రోజుల్లో పసిపిల్లల బట్టలు ఆవిడ చేతుల్లోనే ఆరేవి. అందులో వింతేముంది? ఒకరికి గొంతు బాగుంటుంది, ఈవిడకి చేతులు వేడి.

ఊరి చివర కిటికీల్లేని భవనమొకటి లేచింది. లోపలన్నీ అడిగినదానికల్లా జవాబు చెప్పే యంత్రాలు. చెప్పడానికి కరెంటు కావాలి. చెప్పి చెప్పి వేడెక్కితే చల్లార్చడానికి మళ్లీ కరెంటు. అంత కరెంటుకి పాత తీగలు చాలవు కనుక కొత్త స్తంభాలు పాతారు. ఆ ఖర్చు భవనం ఒక్కదాని మీదే వేయలేదు, ఇంటింటికీ పంచారు. యంత్రాన్ని ఏనాడూ ఏమీ అడగని ఇంటికి కూడా.

బిల్లు చూసిన రోజు కోడలు పెట్టె ప్లగ్గు పీకేసింది.

"కొట్టు మూసేస్తానత్తయ్యా. ఆ భవనంలో ఊడ్చే పని ఉందట, పోతాను. ఇక్కడ వచ్చేదంతా కరెంటుకే సరిపోతోంది."

"నన్నెవరికి అప్పగించి పోతావే? ఆ చొక్కా ఇలా పడెయ్," అని అత్తగారు దాని మీద అరచేయి పరిచింది. ముడత ఒక్కటి మిగలలేదు. ఆ రోజు నుంచి కొట్టు ఆ చేతుల మీదే నడిచింది.

ఆ చొక్కా తొడుక్కున్న భవనం కాపలాదారు మురిసిపోయాడు.

"లోపల చలికి పళ్లు టకటకలాడతాయి పెద్దమ్మా. మీరిచ్చిన చొక్కా మాత్రం సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటోంది."

"ఎందుకో మీ యంత్రాన్ని అడక్కపోయావా?"

"అడిగాను. కొత్తరకం గుడ్డేమో అంది."

"అంత కరెంటు తాగి చెప్పింది ఇదా?"

ఆ నవ్వుల్లో కోడలు ఒకటి పట్టించుకోలేదు. నడుం పట్టుకుని వచ్చిన పక్కింటి పిన్నిని అత్తగారు మొదటిసారి వెనక్కి పంపింది. "రేపు రా," అంది. మర్నాడూ అదే మాట. కోడలి చెవిన పడుతూనే ఉంది. కానీ ఎదురుగా చొక్కాల గుట్ట.

ఒక పొద్దున కాలరు ముడత పోలేదు. కోడలు వేలు తడిపి అత్తగారి అరచేతికి తాకించింది. చప్పుడు లేదు.

"చల్లారిపోయాయా అత్తయ్యా?"

"ఎప్పుడో. ఈమధ్యంతా బలం కొద్దీ నొక్కుతున్నా."

"చెప్పొద్దా మరి?"

"చెప్తే పోతావుగా ఊడ్చడానికి."

ఆ సాయంత్రమే, కోడలి చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, పెద్దావిడ కన్నుమూసింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక కోడలు భవనంలో పనికి బయల్దేరింది. చెప్పులు తొడుక్కుని, పోయేముందు ముఖం కడుక్కుందామని దోసిట్లోకి నీళ్లు తీసుకుంది.

చుయ్‌మంది.

ఆవిరి పోయేదాకా అరచేతుల వంకే చూసింది. తర్వాత చెప్పులు విప్పి, బల్ల ముందు కూర్చుని, కాపలాదారు చొక్కా పరిచింది.

గుమ్మంలోకి పక్కింటి పిన్ని వచ్చింది, నడుం మీద చేయి వేసుకుని. చేతుల సంగతి వీధంతటికీ అప్పటికే తెలిసినట్టుంది.

కోడలు తలెత్తలేదు.

"రేపు రా, పిన్నీ," అంది.